సూయెజ్ కాలువలో బావి ఇంజను

మా చింతామణి తాలూకాలో పుట్టినవాడికి నడక కంటే ముందు ఒక బుద్ధి వస్తుంది: నీళ్ళు పారబోయకూడదు. బియ్యం కడిగిన నీళ్ళు బర్రె కుడితిలోకి, గిన్నెలు కడిగిన నీళ్ళు అరటి పాదుకి, కాళ్ళు కడుక్కున్న నీళ్ళు కరివేపాకు చెట్టుకి. మా అమ్మ అయితే చుట్టం తాగి వదిలేసిన చెంబు అడుగు నీళ్ళు కూడా ఊరికే పోనిచ్చేది కాదు, వాకిట్లో దుమ్ము అణగడానికి చల్లేది. మంచి బుద్ధే, నేను కాదనను. కానీ ఆ బుద్ధితోనే నేను ఒక మహా కాలువలో, పడవ కింద ఎన్ని ఊళ్ళకైనా చాలినన్ని నీళ్ళు పెట్టుకుని, ఒక పెద్దమనిషి ఆశను కాస్తలో ముంచబోయాను. ఆ సంగతి దాచిపెట్టి, సూయెజ్ దాటి వచ్చానని మీసం మెలేసుకుని తిరగడం నాకు చేతకాదు. అందుకే ఉన్నదున్నట్టు చెబుతున్నాను. నవ్వేవాళ్ళు నవ్వండి, ఫరవాలేదు.

నేను ఆయిల్ ఇంజన్ల మెకానిక్కుని. బెంగళూరులో ఒక షెడ్డులో మూడేళ్ళు మసి పూసుకుని పని నేర్చుకుని, కైవార దగ్గర మా ఊరికి తిరిగి వచ్చాను. అప్పుడప్పుడే మా వైపు కపిల బానలు మూలపడుతున్నాయి. ఎద్దులు తోలి నీళ్ళు తోడే బావుల మీద డీజిల్ ఇంజన్లు దిగుతున్నాయి. సైకిలుకి సంచీ కట్టుకుని, కెంచార్లహళ్ళి నుంచి బాగేపల్లి దాకా బావి బావికీ తిరిగేవాణ్ణి. ఏ ఇంజను ఎక్కడ దగ్గుతుందో దూరం నుంచే చెవితో కనిపెట్టేవాణ్ణి. గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి, ఆ చెవి ఒక్కటే దేవుడు నాకు సరిగ్గా ఇచ్చింది.

ఇంజను తిరుగుతుంటే వేడెక్కుతుంది కదా. దాన్ని చల్లబరచడానికి బావి నీళ్ళలోనే కాసిన్ని ఇంజను ఒంట్లోంచి పోనిస్తాం. అవి వేడినీళ్ళయి పక్క గొట్టంలోంచి బయటికి వస్తాయి. మొదట్లో అవి అలాగే మడిలోకి పోయేవి. వాటిని డ్రమ్ములో పట్టడం మా తాలూకాలో ఎవరు మొదలుపెట్టారో నాకు తెలుసు. మా డాక్టరమ్మ.

ఆమె మా దేశపు మనిషి కాదు. ఎక్కడో ఉత్తరాన, చలి సముద్రంలోని ఒక దీవి ఆమెది. వయసులో ఉండగా మా జిల్లాలో ఒక ఆస్పత్రికి వచ్చి, పాతికేళ్ళకు పైగా ఇక్కడే ఉండిపోయింది. ఆరడుగుల మనిషి, ఎండకు ఎర్రగా కమిలిన ముఖం, మడమల దాకా నూలు గౌను. తెలుగు పుస్తకాల్లో నేర్చుకోలేదు, నొప్పులు పడే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంది. అందుకే ఆమె నోట మా ఊరి మాట మాకంటే గట్టిగా పలికేది. తిట్టినా మా వాళ్ళకు తీపిగానే ఉండేది.

ఆమెను నేను మొదట దగ్గరగా చూసింది మా అక్క పురిటినాడు. అక్క తోటలో కాయలు కోస్తుండగా నొప్పులొచ్చాయి. ఇంటిదాకా నడిపించే వీలు లేక, బావి దగ్గరి కొట్టంలోనే పడుకోబెట్టాం. డాక్టరమ్మ జీపులో వచ్చేసరికి అక్కడ పొయ్యి లేదు, కట్టె లేదు, పచ్చి కంప తప్ప ఏమీ లేదు. ఆమె చుట్టూ చూసి నా వైపు తిరిగింది.

"ఆ ఇంజను ఎవురిదప్పా?"

"మాదేనమ్మా."

"తిప్పు."

"బావిలో నీళ్ళు తక్కువ ఉండాయమ్మా. సాయంత్రం మడికి..."

"నేను మడి పారించేదానికి అడగలేదు. వేడినీళ్ళు కావల్ల. తిప్పు."

తిప్పాను. కాసేపటికే గొట్టంలోంచి వేడినీళ్ళు ధారగా వచ్చాయి. ఆమె వాటితో మోచేతుల దాకా రుద్దుకుని కడుక్కుని, కొట్టంలోకి పోయింది. కొంతసేపటికి బిడ్డ ఏడుపు వినపడింది. బయటికి వచ్చి, మడిలోకి పారిపోతున్న ఆ నీళ్ళను చూసి నా మీద విరుచుకుపడింది. "ఇట్లాటి నీళ్ళు పారబోస్తాండారే, మీకు బుద్ధి ఉండాదా? ఒక డ్రమ్ము పెట్టి పట్టండి. బాలింతకు, బిడ్డకు, ముసలోళ్ళ కీళ్ళకు పనికొస్తాయి. కట్టె ఏమిటికి మీకు?"

ఆ రోజు నుంచి నేను ఏ బావి మీద ఇంజను బిగించినా పక్కన ఒక డ్రమ్ము పెట్టనిదే కదిలేవాణ్ణి కాదు. ఆమె ఏ పల్లెకు పోయినా ముందు డ్రమ్ము ఉందా అని అడిగేది. నాలుగైదేళ్ళలో మా చుట్టుపక్కల అది ఆచారమైపోయింది. సాయంత్రమైతే ముసలమ్మలు చెంబులు పట్టుకుని ఇంజను దగ్గర వరసలో కూర్చునేవాళ్ళు.

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో ఆమెకు ఆస్పత్రి పని చాలించే వయసు వచ్చింది. మామూలుగా అయితే ఓడ టిక్కెట్టు కొనుక్కుని పోవాలి. ఆమె అలా పోనంది. ఆమెకొక తమ్ముడున్నాడు, జీవితమంతా ఓడల మీద గడిపినవాడు. ఆయన కొచ్చిన్లో ఒక పాత తెరచాప పడవను కొని బాగు చేయిస్తున్నాడు. ముప్పై అడుగుల పడవ. అక్కా తమ్ముడూ చిన్నప్పుడు ఇలాంటి పడవలోనే వాళ్ళ నాన్నతో చేపలకు పోయేవాళ్ళట. మళ్ళీ అలాంటి పడవలోనే, వాళ్ళ చేతులతో నడుపుకుంటూ, వాళ్ళ దీవి రేవులో దిగాలని ఆమె కోరిక. పాతికేళ్ళు మా కోసం ఇంత చేసిన మనిషి తన కోసం ఏదైనా కోరుకోవడం మేం విన్నది అదొక్కటే.

ఒకరోజు ఆమె మా ఇంటికి వచ్చి నులకమంచం మీద కూర్చుంది. "పడవలో ఇంజను చూసుకునేదానికి ఒక మనిషి కావల్లప్పా. కాలువ దాటేదాకా చాలు. వస్తావా?" అని అడిగింది.

నాకంటే ముందు మా అమ్మే జవాబు చెప్పింది. "వాడు చెరువులో మునగాలన్నా భయపడతాడమ్మా. కానీ నువ్వు పిలిస్తే రాకుండా ఉండేదెట్ల? పోతాడు." ఆ తర్వాత నా వైపు తిరిగి, "పోయి రారా. నీ అక్క బిడ్డ బతికి తిరుగుతాండాదంటే ఈయమ్మ చలవే" అంది. అయిపోయింది. పాస్‌పోర్టు అర్జీ పట్టుకుని బెంగళూరు కచేరీల చుట్టూ నాలుగు నెలలు తిరిగాను.

కొచ్చిన్ చేరాక అసలు చిక్కు తెలిసింది. సూయెజ్ కాలువలో తెరచాప ఎత్తనివ్వరు, ఇంజను మీదే పోవాలి. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా ఆగకూడదు. ఆగిందా, లాగే పడవ వచ్చి వెనక్కి ఈడ్చుకుపోతుంది. ఆ తర్వాత ఆ పడవకు మళ్ళీ అనుమతి దొరకడం కష్టం. అక్కడే అమ్ముకుని ఓడెక్కాల్సిందే. పోనీ మరుసటేడు చూద్దామా అంటే తమ్ముడి కళ్ళకు పొర కమ్ముతోంది. నక్షత్రాలను చూసి దారి పట్టడం ఇంకో ఏడాదికి ఆయన వల్ల కాదు. ఈ సంగతి డాక్టరమ్మ నాతో కచ్చితంగా చెప్పింది. "ఈ తూరి కాకపోతే ఇంక లేదప్పా. అదీ లెక్క."

పడవలో ఉన్న ఇంజను తుప్పుముద్ద. రేవు మెకానిక్కులు ఓడ ఇంజను కొనమన్నారు. ఆమె వినలేదు. చింతామణి నుంచి ఒక బావి ఇంజనును లారీలో తెప్పించమంది. "నాకు ఆ ఇంజను గొంతు తెలుసు, ఈ మనిషి చెయ్యి తెలుసు" అని వాళ్ళతో ఇంగ్లీషులో వాదించి గెలిచింది. నేను ఛాతీ విరుచుకున్నాను. కొచ్చిన్ వాళ్ళు ఇరుసు, నీళ్ళను వెనక్కి తోసే పంకా బిగించారు. ఇంజను చల్లబడడానికి సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చి మళ్ళీ సముద్రంలోకి పోయేటట్టు పడవ అడుగున తూటు పెట్టారు.

ఆ తూటును నేను మూసేశాను. పడవ ఇంకా గట్టు మీద ఉండగానే, బయటి నుంచి చెక్క కొట్టి, తారు పూసి, మళ్ళీ ఊడకుండా బిగించాను. ఇంజను పక్కన ఒక డ్రమ్ము పెట్టి, దాన్నిండా మంచినీళ్ళు పోసి, ఆ నీళ్ళే ఇంజనులోకీ డ్రమ్ములోకీ తిరిగేటట్టు గొట్టాలు కలిపాను. ఎందుకయ్యా అని వాళ్ళడిగితే ఉప్పునీళ్ళకు ఇంజను తుప్పు పడుతుందన్నాను. అది అబద్ధం కాదు. కానీ అసలు సంగతి అది కాదు. వేడి వేడి నీళ్ళు పగలంతా సముద్రంలోకి ధారగా పారిపోతుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. అంతే.

కొచ్చిన్ దాటిన వారం రోజులు నేను మనిషిని కాదు. కడుపులో ఉన్నదంతా సముద్రానికి అప్పగించి, బల్ల కింద ముడుచుకుని మా అమ్మను తలుచుకున్నాను. అప్పుడే చూశాను డాక్టరమ్మను. అరవై దాటిన మనిషి, చుక్కాని పట్టుకుని నిలబడితే గాలి ఎటు తిరిగితే అటు ఒళ్ళు తిప్పేది. తమ్ముడు ఒక్క మాట అనకముందే తాడు వదిలేది, లాగేది. మా పల్లెల్లో ఎద్దుబండి మీద నడుం పట్టుకుని కూర్చునే ఆమె ఈమేనా అనిపించింది. మనిషికి తన పుట్టిన చోటి పని ఎన్నేళ్ళకైనా చేతిలోంచి పోదు. అది చూసి నేను కూడా సిగ్గుపడి లేచి నిలబడ్డాను.

దారిలో గాలే మమ్మల్ని నడిపింది. రేవుల్లోకి పోయేటప్పుడు, గాలి పడిపోయినప్పుడు మాత్రం గంటో రెండు గంటలో ఇంజను తిప్పేవాణ్ణి. ఆ కాస్త తిప్పుడుకు డ్రమ్ములో నీళ్ళు చక్కగా కాగేవి. ఎర్ర సముద్రంలో సాయంత్రాలు తమ్ముడు చెంబుడు వేడినీళ్ళు నెత్తిన పోసుకుని, కళ్ళు మూసుకుని ఏదో పాట అందుకునేవాడు. డాక్టరమ్మ కాళ్ళు నానబెట్టుకునేది. తోడుకున్నంత మళ్ళీ మంచినీళ్ళు పోసేవాణ్ణి. "చూసినారామ్మా, డ్రమ్ము లేకపోతే ఏమైండేది?" అని రోజూ అడిగేవాణ్ణి. నా గొప్ప నేనే చెప్పుకోవాలి కదా, ఇంకెవరున్నారు అక్కడ?

సూయెజ్ ఊరి దగ్గర లంగరు వేశాక ఒక అధికారి వచ్చి అర్ధగంట ఇంజను తిప్పించి చూశాడు. శబ్దానికి చెవులు మూసుకున్నాడు గానీ కాగితం మీద సంతకం పెట్టాడు. మర్నాడు పొద్దున్నే దారి చూపించే పైలట్ ఎక్కాడు. ఆ దేశపు మనిషే, నడివయసు, బొద్దుగా ఉన్నాడు. ఇస్త్రీ కోటు, చేతిలో చిన్న టీ గ్లాసు. కూర్చున్న చోటు నుంచి లేవకుండా వేలితోనే దారి చూపించేవాడు. ఓడల వరస ముందు పోయింది, మేం అన్నిటికంటే వెనక.

ఆ కాలువను చూసి మా ఊరి కాలువను తలుచుకున్నాను. మా చెరువు కాలువ రెండు బారల వెడల్పు. ఏటా పూడిక తీయడానికే ఊరంతా పలుగూ పారా పట్టుకుని మూడు రోజులు పోట్లాడుకునేది. ఇదేమో కనుచూపు మేర తిన్నగా, రెండు వైపులా ఇసుక తప్ప గడ్డిపోచ లేని చోట, మనుషులు తవ్విన కాలువ. వంపు తిరిగిన చోట ముందరి ఓడలకు నీళ్ళు కనిపించవు. కొండంత ఓడ ఇసుకలో నడిచిపోతున్నట్టే ఉంటుంది. ఇంత మట్టి ఎవరు ఎత్తారు, ఎన్ని గంపలు, ఎంతమంది నడుములు విరిగాయి అని అదే పనిగా ఆలోచించాను. మా ఊరి పూడిక మట్టి మోసినవాణ్ణి కాబట్టి ఆ గంపల బరువు నాకు తెలుసు.

"అమ్మా, ఈ కాలువకు నీరుగంటి ఎవరు?" అని అడిగాను. మా వైపు చెరువు తూము ఎత్తి, ఎవరి మడికి ఎంత నీళ్ళో పంచే మనిషిని నీరుగంటి అంటాం.

డాక్టరమ్మ పైలట్ వైపు గడ్డం చూపించింది. "ఈయప్పే అనుకో. ఈడ నీళ్ళు పంచేది లేదు, దోవ పంచేదే."

మూడు గంటలు బాగానే గడిచాయి. ఎండ నెత్తికెక్కింది. అప్పుడు ఇంజను గొంతు మారింది. ఇంకెవరికీ వినపడదు, నాకు వినపడింది. గొంతు తడి ఆరిన మనిషి మాట్లాడినట్టు బరువుగా కొట్టుకుంటోంది. పోయి డ్రమ్ము మూత తీశాను. ఆవిరి ముఖానికి కొట్టింది. నీళ్ళు కుతకుతా ఉడుకుతున్నాయి. ఇన్నాళ్ళూ గంటా రెండు గంటలే తిప్పాను కాబట్టి డ్రమ్ము చాలింది. రోజంతా తిప్పితే అవే నీళ్ళు ఎన్నిసార్లు చల్లబడతాయి? రెండో తరగతి పిల్లవాడికి తట్టే లెక్క, ఇన్ని ఇంజన్లు విప్పిన నాకు తట్టలేదు.

తప్పు చేసినవాడు చెప్పేయాలి. నేను చెప్పలేదు. తాగే నీళ్ళలోంచి ఒక బిందె తెచ్చి మెల్లగా పోశాను. కాసేపు చల్లబడి మళ్ళీ ఉడికింది. ఇంకొక బిందె పోశాను. అలా పావుగంట దొంగలా తిరిగాను. ఆఖరికి ఆవిరి బయటికి వచ్చేసింది. పైలట్ టీ గ్లాసు కింద పెట్టి లేచాడు. తమ్ముడు చుక్కాని దగ్గర నుంచి తొంగి చూశాడు. ఆ మసక కళ్ళకు ఏం కనిపించిందో గానీ, చుక్కానిని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

పైలట్ ఇంగ్లీషులో చెప్పాడు, డాక్టరమ్మ నాకు తెలుగులో చెప్పింది. వెనక ఇంకో ఓడల వరస వస్తోంది. ఇంజను ఆపితే ఆయన జెండా ఎత్తాలి, లాగే పడవ రావాలి. అది ఆయన ఉద్యోగధర్మం. ఆయన కోపంగా చెప్పలేదు, జాలిగానే చెప్పాడు. అదే ఇంకా కష్టంగా తోచింది నాకు.

ఆమె ఇంజను దగ్గరికి వంగి వచ్చింది. "ఎంతసేపు ఓర్చుకుంటాది?"

"ఇట్లే పోతే అర్ధగంటమ్మా. ఆ తర్వాత పట్టేస్తాది."

"ఏం చేస్తే నిలుస్తాది?"

అడుగున తూటు తెరవడానికి లేదు, నేనే బయటి నుంచి బిగించి చచ్చాను. మిగిలిన దారి ఒక్కటే. డ్రమ్ము పైన కాగిన నీళ్ళు డబ్బాతో తోడి పారబోయాలి, తోడినన్ని కాలువ నీళ్ళు చేది పోయాలి. సాయంత్రం దాకా. అదీ మెల్లగా, ఎందుకంటే కాలిన ఇనుముకు ఒక్కసారిగా చన్నీళ్ళు తగిలితే ఇంజను పగిలి ఊరుకుంటుంది. ఇంత స్పష్టంగా తెలుసు నాకు. డబ్బా చేతిలో ఉంది. డ్రమ్ము ముందు కూర్చున్నాను. కానీ మంచినీళ్ళు తోడి పారబోయడానికి చెయ్యి లేవలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, లేవలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళ మీద మమకారమో, చేసిన పనికి ఏడుపో నాకే తెలియలేదు.

"నా వల్లే అయిందమ్మా" అన్నాను. "తూటు నేను మూయకపోతే మీరు ఊరు చేరుండేవాళ్ళు."

ఆమె నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది కూడా.

"తప్పు నీదొక్కనిదే కాదప్పా. పారబోయొద్దని ఊరూరా తిరిగి చెప్పింది నేను. నీ దగ్గర ఆ మాట నిలిచింది, అంతే. ఇప్పుడు నేనే చెప్తాండా, పారబొయ్యి. నువ్వు తోడు, నేను చేదుతా."

అలా చెప్పి, మొదటి రెండు డబ్బాలు మాత్రం ఒక బక్కెటలో పోయించి, మూత పెట్టి పక్కకు జరిపింది. "ఇవి ఉండనీ" అంది. తర్వాత తాడు కట్టిన బక్కెట తీసుకుని పడవ అంచు దగ్గర నిలబడింది. కుడికాలు ముందుకు, ఎడమకాలు వెనక్కి, తాడు చేతికి చుట్టుకోకుండా చెయ్యి మార్చి చెయ్యి. అచ్చం మా బాగేపల్లి వైపు ఆడవాళ్ళు లోతు బావిలో చేదే తీరు. ఎన్ని పల్లెల్లో, కానుపు చూడడానికి పోయి, ముందు తానే నీళ్ళు చేదుకుందో ఆ చేతులే చెప్పాయి. కాలువ నీళ్ళు మొదటి బక్కెట వచ్చింది. నేను తోడి పారబోశాను. ఆమె కొంచెం కొంచెంగా పోసింది. నేను మళ్ళీ తోడాను.

ఇంజను గొంతు మీదే నా ప్రాణమంతా పెట్టుకుని విన్నాను. పది బక్కెట్లకు మార్పు లేదు. ఇరవైకి బరువు కాస్త తగ్గింది. ఆ తర్వాత మెల్లగా మామూలు గొంతు వచ్చింది. "దిగిందమ్మా" అన్నాను. ఆమె తల మాత్రం ఊపింది, మాట్లాడితే ఊపిరి తప్పుతుందని. మధ్యలో ఉప్పు సరస్సు వచ్చింది, పోయింది, మళ్ళీ కాలువ వచ్చింది. ఆమె చేదుతూనే ఉంది. నేను చేదుతానని తాడు అందుకోబోతే, "నీ చెవి ఇంజను దగ్గర ఉండల్ల" అంది.

రెండు గంటలు చూశాక పైలట్ లేచాడు. కోటు విప్పి, జాగ్రత్తగా మడత పెట్టి, బల్ల మీద పెట్టాడు. ఆమె చేతిలోంచి తాడు తీసుకున్నాడు. ఒక చేత్తో దారి చూపిస్తూ ఇంకో చేత్తో చేదడం కుదరక రెండు బక్కెట్లు ఒలకబోసుకున్నాడు గానీ, నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఆయనొక వంతు, ఆమెదొక వంతు. ఆయన చేసే ఉద్యోగంలో ఆ పని రాసి ఉండదు. మనిషి మంచివాడైతే ఉద్యోగం అడ్డం రాదు, ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

పొద్దు వాలేసరికి ఇస్మాయిలియా సరస్సు కనిపించింది, కాలువలో సగం దారి, చిన్న పడవలు రాత్రికి ఆగే చోటు. లంగరు పడ్డాక గానీ ఇంజను ఆపలేదు. అది ఆగగానే తమ్ముడు చుక్కాని మీద తల ఆనించాడు. పైలట్ చొక్కా మీద ఉప్పు చారలు కట్టింది. తెల్లకాగితం మీద ఏదో రాసి డాక్టరమ్మకు ఇచ్చాడు. ఇంజను బాగా నడిచిందని రాశాడట. అంతకుముందు ఈ ఇంజను ఏ ఓడలో పనిచేసిందని అడిగాడట. "ఏం చెప్పినారమ్మా?" అన్నాను. "వేరుశెనక్కాయ చేనుకు నీళ్ళు పెట్టినాదని చెప్పినా" అంది. ఆయన నవ్వలేదు. ఇంజనును ఒకసారి చేత్తో తాకి, సలాం చేసి దిగిపోయాడు.

అప్పుడు ఆమె అరచేతులు చూశాను. తాడు రాసుకుని పొక్కులు లేచి, చిట్లి, ఉప్పునీళ్ళకు పచ్చిగా మండుతున్నాయి. మధ్యాహ్నం పక్కన పెట్టించిన బక్కెట మూత తీసింది. ఆ మంచినీళ్ళు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. రెండు చేతులూ అందులో ముంచి కళ్ళు మూసుకుంది. "చూసినావా, పారబోయకుంటే ఎంత మేలయింది" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మర్నాడు ఇంకో పైలటు, అదే బక్కెట. ఈసారి నేనూ తమ్ముడూ వంతులు వేసుకుని చేదాం, ఆమెను తాడు ముట్టుకోనివ్వలేదు. పోర్టు సయీద్ చేరాక పడవను గట్టెక్కించి, నేను బిగించిన చెక్కను నేనే ఉలితో కొట్టి ఊడదీశాను. చిన్న పంపు బిగించి, సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చి, వేడెక్కి, పక్క గొట్టంలోంచి మళ్ళీ సముద్రంలోకి పోయేటట్టు చేశాను. డ్రమ్మును మాత్రం ఆమె పారేయనివ్వలేదు. అందులో ఉల్లిగడ్డలు పోసుకుంది.

ఆ ఏడే చలి ముదరకముందు వాళ్ళ దీవి చేరినట్టు ఆమె రాసిన జాబు మా ఊరికి వచ్చింది. తమ్ముడు రేవును కళ్ళతో కంటే వాసనతో ముందు పసిగట్టాడని రాసింది. మా అమ్మ ఆ జాబు రెండుసార్లు చదివించుకుని, బియ్యం డబ్బాలో దాచింది. నేను మాత్రం డాక్టరమ్మను మళ్ళీ చూడలేదు.

చివరిసారి చూసింది పోర్టు సయీద్ రేవులో. నేను బొంబాయి ఓడ కోసం గట్టు మీద ఉండిపోయాను. పడవ కదిలింది. మా బావి ఇంజను తడబడకుండా కొట్టుకుంటోంది. పక్క గొట్టంలోంచి వేడినీళ్ళు ఆవిరి కక్కుతూ సముద్రంలోకి ధారగా పడిపోతున్నాయి. చూడలేక తల తిప్పుకున్నాను. మళ్ళీ చూసేసరికి డాక్టరమ్మ చుక్కానిని తమ్ముడికి అప్పగించి, పడవ అంచుకు వచ్చి వంగింది. కట్లు కట్టిన చేతులతో చెంబు ఆ ధార కింద పట్టింది. నిండాక, అక్కడే కూర్చుని, ఆ వేడినీళ్ళు మెల్లగా తన పాదాల మీద పోసుకుంది. తర్వాత ఖాళీ చెంబును తలకిందులు చేసి, ఒక్క చుక్కా ఊరికే పోలేదు చూడమన్నట్టు, నాకు కనిపించేటట్టు ఎత్తి పట్టుకుంది.

పడవ కనుమరుగయ్యేదాకా అలాగే పట్టుకుని ఉంది.